ఉచితమే, కాని ముందు మీ చిరునామా చెప్పండి!

ఎండాకాలం వచ్చిందంటే మన ఊళ్లలో చలివేంద్రాలు వెలుస్తాయి. ఒక పందిరి, నాలుగు కుండలు, రెండు గ్లాసులు. దాహం వేసినవాడు వస్తాడు, తాగుతాడు, తన దారిన తాను పోతాడు. నీళ్లు పోసే మనిషి "మీ పేరేమిటి, ఏ ఊరు, ఎక్కడ ఉద్యోగం" అని అడిగి, పుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతే గ్లాసు చేతికిస్తే మనకెలా ఉంటుంది? పైసా తీసుకోలేదు కదా అని అతను అనవచ్చు. అదీ నిజమే. అయినా మరుసటి రోజు నుంచి ఆ దారిన పోయేవాళ్లు నీళ్ల సీసా ఇంటి దగ్గరే నింపుకుని బయలుదేరతారు.

కంప్యూటరు రంగంలో ఇటువంటి చలివేంద్రాలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటినే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అంటున్నాం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పటి నుంచీ ఈ ఉద్యమాన్ని ఒక మాటల చిక్కు వెంటాడుతోంది. ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటకే డబ్బు అక్కర్లేదనీ, కట్టుబాటు లేదనీ రెండర్థాలు. తెలుగులో ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మన తెలుగు ప్రాంతాల్లో ఈ ఉద్యమాన్ని నడుపుతున్న సంస్థ 'స్వేచ్ఛ' అనే పేరే పెట్టుకుంది. ఈ తేడాను గుర్తుంచుకుని తక్కిన వ్యాసం చదవండి.

ఇప్పుడు ప్రశ్న ఇది. ఒక ప్రోగ్రాము ఉచితం. దాని మూలపాఠం, అంటే సోర్సు కోడు, అందరికీ తెరిచే ఉంది. లైసెన్సులో లోపం లేదు. కాని దాన్ని తెచ్చుకోబోతే గుమ్మం దగ్గర ఆపి, "ముందు మీ ఇ-మెయిల్ ఇచ్చి ఖాతా తెరవండి" అంటారు. ఇది సబబేనా? గాలిలో వాదించుకోవడం కన్నా అందరికీ తెలిసిన ఒక ఉదంతాన్ని ముందు పెట్టుకుని చూద్దాం.

వడ్రంగి చేసిన కిటికీలు

ఇల్లు కట్టే మేస్త్రి తలుపులూ కిటికీలూ తాను చెక్కుకోడు. వడ్రంగి తయారుచేసినవి తెచ్చి బిగిస్తాడు. ప్రోగ్రాములు రాసేవాళ్లూ అంతే. తెర మీద కనిపించే కిటికీలు, మీటలు, జాబితాలు ఎవరికివారు మొదటినుంచి రాసుకోరు. అటువంటి తయారు సరుకు అందించే వాటిలో పేరుమోసినది 'క్యూట్'. రాయడం క్యూ, టీ అని రెండక్షరాలే. పలకడం మాత్రం క్యూట్ అని. దీనితో ఒకసారి రాసిన ప్రోగ్రాము విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది. ఈ పత్రిక పాఠకులు దీని పేరు వినకపోయినా దీన్ని వాడే ఉంటారు. రాత్రి ఆకాశాన్ని తెర మీద చూపే స్టెల్లేరియం, భూగోళ పటాలు తయారుచేసే క్యూజీఐఎస్, సినిమాలు చూడటానికి వాడే వీఎల్‌సీ - వీటన్నిటి ముఖమూ క్యూట్‌తో కట్టినదే.

దీన్ని మొదలుపెట్టినవారు నార్వేకు చెందిన హావర్డ్ నూర్డ్, ఐరిక్ షాంబే-ఎంగ్. వారు 1994లో ట్రోల్‌టెక్ అనే కంపెనీ పెట్టి, 1995లో క్యూట్‌ను జనం ముందుకు తెచ్చారు. 1996లో మథియాస్ ఎట్రిక్ అనే జర్మన్ విద్యార్థి లైనక్స్‌కు చక్కని ముఖం కల్పించాలని కేడీఈ ప్రాజెక్టు మొదలుపెట్టి, దానికి క్యూట్‌ను ఎంచుకున్నాడు. అక్కడే పేచీ వచ్చింది. అప్పటి క్యూట్ లైసెన్సు పూర్తి స్వేచ్ఛా లైసెన్సు కాదు. మార్చుకున్న ప్రతిని పదిమందికీ పంచే హక్కు దానిలో లేదు. ఈ అసంతృప్తి నుంచే 1997లో గ్నోమ్ అనే పోటీ ప్రాజెక్టు పుట్టింది. దీనికి విరుగుడుగా 1998లో కంపెనీ, కేడీఈ కలిసి ఒక ఫౌండేషన్ ఏర్పాటు చేసుకున్నాయి. ఏ కారణం చేతనైనా కంపెనీ స్వేచ్ఛా క్యూట్‌ను విడుదల చేయడం మానేస్తే, దాన్ని మరింత సడలింపు గల లైసెన్సు కింద విడుదల చేసే హక్కు ఆ ఫౌండేషన్‌కు ఉంటుందని ఒప్పందం. 2000లో క్యూట్ జీపీఎల్ లైసెన్సు కిందికి, 2009లో ఎల్‌జీపీఎల్ కిందికి వచ్చింది. ఈలోగా 2008లో నోకియా కొన్నది, 2012లో డిజియా కొన్నది, చివరకు ఫిన్లండ్‌లోని ది క్యూట్ కంపెనీ చేతికి వచ్చింది. యజమానులు మారినా ఒప్పందం కొనసాగింది. ఇది గొప్ప విషయమనే చెప్పాలి.

2020 జనవరి 27న ఆ కంపెనీ కొన్ని మార్పులు ప్రకటించింది. ఫిబ్రవరి నుంచి క్యూట్‌ను ఇన్‌స్టాలరు ద్వారా తెచ్చుకోవాలంటే, ఉచితంగా వాడేవారు సైతం 'క్యూట్ ఖాతా' తెరవాలి. ఇంటర్నెట్ లేకుండా బిగించుకునే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలరు డబ్బు కట్టేవారికే. దీర్ఘకాలం మరమ్మతులు అందే వెర్షన్లూ డబ్బు కట్టేవారికే. ఖాతా ఎందుకని అడిగేవారికి కంపెనీ ఇచ్చిన సమాధానం - ఖాతా ఉంటే దోషాలు తెలియజేయవచ్చు, చర్చల్లో పాల్గొనవచ్చు, కంపెనీ నడిపే అంగడిని వాడుకోవచ్చు అని.

ఈ సమాధానాన్ని కాస్త నిలబెట్టి చూడండి. దోషం తెలియజేయదలచినవాడు అప్పుడు ఖాతా తెరుచుకుంటాడు. అంగడికి పోదలచినవాడు అక్కడ తెరుచుకుంటాడు. ఈ రెండూ అక్కర్లేనివాడు సరుకు తీసుకునే ముందే ఎందుకు తెరవాలి? దీనికి ఆ ప్రకటనలో జవాబు లేదు.

జవాబు ఇన్‌స్టాలరులో ఉంది. మెయిలు, రహస్యపదం ఇచ్చాక అది మరో ప్రశ్న అడుగుతుంది: మీ కంపెనీ పేరేమిటి? ఏ కంపెనీ కోసమూ వాడటం లేదు, నేను వ్యక్తిని మాత్రమే అని ఒక గడిలో టిక్కు పెడితే తప్ప ముందుకు కదలనివ్వదు. ప్రోగ్రాము బిగించడానికి కంపెనీ పేరుతో సాంకేతికంగా ఏ పనీ లేదు. అమ్మకాల విభాగానికి మాత్రం ఆ పేరుతో చాలా పని ఉంది. ఉచిత ప్రతి వాడుతున్న కంపెనీలేవో తెలిస్తే, ఎవరికి ఫోను చేసి చెల్లింపు లైసెన్సు అమ్మచూపాలో తెలుస్తుంది. వ్యాపారం చేసుకునేవారు కొనుగోలుదారుణ్ణి వెతుక్కోవడం తప్పని నేననను. ఆ వెతుకులాటకు వాడుకరి సౌకర్యమని పేరు పెట్టడమే నాకు నచ్చనిది.

చట్టం ఒప్పుకుంటుంది

ఇక్కడ కంపెనీ పక్షాన ఒక మాట చెప్పి తీరాలి. ఇది లైసెన్సును ఉల్లంఘించడం కాదు. జీపీఎల్ ప్రకారం స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును డబ్బుకు అమ్ముకోవచ్చు కూడా. తీసుకున్నవాడికి మూలపాఠం అందాలి, మార్చుకునే హక్కూ పంచుకునే హక్కూ ఉండాలి. అంతే గాని ఊరందరికీ అడగ్గానే ఇవ్వాలన్న షరతు అందులో లేదు. పైగా క్యూట్ మూలపాఠం ఖాతా లేకుండానే దొరుకుతుంది. అడ్డు ఉన్నది తయారు సరుకుకే. డెబియన్, ఫెడోరా వంటి లైనక్స్ పంపిణీలు ఆ మూలపాఠం తీసుకుని తామే తయారుచేసి, ఎవరి పేరూ అడగకుండా పంచుతున్నాయి. కనుక లైనక్స్ వాడేవారికి ఈ అడ్డు దాదాపు కనిపించదు.

మరి దెబ్బ ఎవరికి తగులుతుంది? విండోస్ యంత్రం ముందు కూర్చున్న కొత్త విద్యార్థికి. మూలపాఠం నుంచి క్యూట్‌ను స్వయంగా తయారుచేసుకోవాలంటే సామాన్యమైన కంప్యూటరు మీద గంటల తరబడి పని. ఏ పరికరాలు కావాలో, ఏది ముందు ఏది వెనుక చేయాలో తెలియాలి. ఇది తెలిసినవాడికి ఖాతా అక్కర్లేదు; తెలియనివాడే ఖాతా తెరవాలి. ఖాతా లేకుండా కంపెనీ భాండాగారం నుంచే తయారు ఫైళ్లను తెచ్చిపెట్టే 'ఏక్యూటీ ఇన్‌స్టాల్' అనే చిన్న ప్రోగ్రామును స్వచ్ఛంద కార్యకర్తలు రాశారు. అది బాగానే పనిచేస్తుంది. ముందు తలుపుకు తాళం, దొడ్డి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ దొడ్డిదారి తెలిసినవాడు ఇంతకు ముందే అనుభవం గలవాడు.

ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలరు తీసివేయడం మన దేశానికి సంబంధించినంతవరకు మరీ కష్టం. లైనక్స్ మన దేశంలో ఎలా వ్యాపించిందో గుర్తు తెచ్చుకోండి. 1990లలో పీసీక్వెస్ట్ వంటి పత్రికలతో వచ్చిన సీడీల ద్వారా. ఒక సీడీ కొన్నవాడు పదిమందికి కాపీ చేసి ఇచ్చేవాడు. ఆ తర్వాత పెన్ డ్రైవ్ వచ్చింది. కళాశాల లాబులో అరవై యంత్రాలుంటే ఒక్కసారి తెచ్చుకున్న ఫైలుతోనే అరవైకీ బిగించేవారు. ఆన్‌లైన్ ఇన్‌స్టాలరు వచ్చాక ప్రతి యంత్రమూ ఇంటర్నెట్‌కు పోవాలి, ప్రతిచోటా ఎవరో ఒకరి ఖాతా ఇవ్వాలి. జరిగేదేమిటో లాబులు చూసినవారికి చెప్పనక్కర్లేదు. డిమాన్‌స్ట్రేటరు తన సొంత మెయిలూ రహస్యపదమూ అరవై యంత్రాల్లో కొట్టిపెడతాడు.

సంతకానికీ సంజాయిషీకీ తేడా

గ్రంథాలయంలో కూడా సంతకం పెట్టించుకుంటారు కదా అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. పుస్తకం ఇంటికిచ్చేటప్పుడు పేరూ చిరునామా తీసుకుంటారు, ఎందుకంటే ఆ పుస్తకం తిరిగి రావాలి. ఒక్కటే ప్రతి, మరొకరు ఎదురుచూస్తుంటారు. సాఫ్ట్‌వేరు తిరిగి రానక్కర్లేదు. మీరు తీసుకున్నందువల్ల మరొకరికి తగ్గదు. ఉబుంటు లైనక్స్ వారు 2011 వరకు 'షిప్‌ఇట్' పేరుతో ప్రపంచమంతటా ఉచితంగా సీడీలు పంపేవారు. దానికి మనం పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడుతో సహా ఇచ్చేవాళ్లం. ఎవరూ నొచ్చుకోలేదు. పోస్ట్‌మాన్‌కు చిరునామా కావాలి మరి! అడిగిన వివరానికీ చేసే పనికీ సంబంధం ఉందా లేదా అన్నదే చూడవలసింది.

ఈ లెక్కన చూస్తే అన్ని నమోదులనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఇంటర్నెట్ సంఖ్యను బట్టి అది ఏ దేశంలో ఏ ఊళ్లో ఉందో అంచనా కట్టే 'జియోలైట్2' పట్టిక ఒకటుంది. దాన్ని ఇచ్చే మ్యాక్స్‌మైండ్ కంపెనీ 2019 డిసెంబరు 30 నుంచి ఖాతా తప్పనిసరి చేసింది. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన కాలిఫోర్నియా గోప్యతా చట్టాన్ని కారణంగా చూపింది. తన వివరం పట్టికలో ఉండరాదని ఎవరైనా కోరితే, ఆ మాట పట్టిక తీసుకున్నవారందరికీ చేరాలి కదా! అదే సమయంలో వారు పాత స్వేచ్ఛా లైసెన్సును మార్చి సొంత ఒప్పందం పెట్టుకున్నారు. ఇష్టం లేనివారు మరోచోటికి పోయారు. కారణం చెప్పారు, బోర్డు మార్చారు; వారితో నాకు పేచీ లేదు.

మరి వాడేవారి లెక్క తెలియవద్దా? తెలియాలి. ఎంతమంది వాడుతున్నారో తెలియకుండా ఏ పాత వెర్షన్‌ను ఎప్పుడు ఆపాలో నిర్ణయించలేరు. అయితే లెక్కించడానికి పేరు అవసరమా? దీనికి ఫెడోరా లైనక్స్ వారు 2020లో అమలుచేసిన పద్ధతి చూడదగ్గది, శాస్త్ర విద్యార్థికి ముచ్చట గొలిపేది కూడా. ప్రతి యంత్రమూ కొత్త ఫైళ్ల కోసం సర్వరును ఎలాగూ పలకరిస్తుంటుంది. వారానికి ఒక్కసారి, ఆ పలకరింపుల్లో ఒకదానికి ఒకే ఒక్క అంకె చేర్చి పంపుతుంది. బిగించి మొదటి వారమైతే 1, నెలలోపైతే 2, ఆరు నెలలలోపైతే 3, అంతకు మించితే 4. అంతే. యంత్రానికి గుర్తింపు సంఖ్య ఇవ్వరు. పోయిన వారం 4 పంపిన యంత్రమూ ఈ వారం 4 పంపిన యంత్రమూ ఒకటేనా అన్నది ఆ అంకెను బట్టి తేలదు. అయినా మొత్తం ఎన్ని యంత్రాలు, అందులో కొత్తవెన్ని, నిలకడగా వాడుతున్నవెన్ని అనే లెక్క చక్కగా వస్తుంది. పెద్ద తిరునాళ్లలో గేటు దగ్గర మనుషులను లెక్కపెట్టేవాడు ఎవరి పేరూ అడగడు కదా! డెబియన్ వారిది మరో దారి. ఏ ప్రోగ్రాములు ఎక్కువ వాడుతున్నారో పంపే ఏర్పాటు ఉంది గాని, మీరు సరేనంటేనే పనిచేస్తుంది. ఏమీ చెప్పకపోతే వద్దన్నట్టే లెక్క.

పుస్తకంలో రాసుకున్నవి ఎక్కడికి పోతాయి?

"ఒక్క ఇ-మెయిల్ ఇస్తే ఏం పోయింది" అనేవారి కోసం రెండు సంఘటనలు. 2018లో డాకర్ కంపెనీ విండోస్, మ్యాక్ యంత్రాల కోసం ఇచ్చే తన ఉచిత ప్రోగ్రామును తెచ్చుకోవడానికి ఖాతా తప్పనిసరి చేసింది. ప్రోగ్రామర్లు గట్టిగా గొడవ చేశారు. మరుసటి సంవత్సరం, 2019 ఏప్రిల్‌లో, డాకర్ హబ్ భాండాగారంలోకి దొంగలు చొరబడ్డారు. సుమారు 1,90,000 ఖాతాల వివరాలు బయటికి పోయి ఉండవచ్చని కంపెనీయే ప్రకటించింది. వాటిలో ఉచిత ప్రోగ్రాము కోసమే తెరిచిన ఖాతాలు ఎన్నో మనకు అనవసరం. అక్కర్లేని పట్టిక తయారుచేస్తే అది కూడా కాపాడవలసిన వస్తువుల్లో చేరుతుందన్నదే ఇక్కడి విషయం. లేని పట్టికను ఎవరూ దొంగిలించలేరు. మన అరవై యంత్రాల డిమాన్‌స్ట్రేటరు మాస్టారు అదే రహస్యపదం బ్యాంకు ఖాతాకు కూడా పెట్టుకుని ఉంటే ఇక చెప్పేదేముంది!

భద్రత కోసమే ఖాతా అనేవారూ ఉన్నారు. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్‌కు జరిగినది వారు చూడాలి. దొంగలు ఆ ప్రాజెక్టు చర్చావేదిక సభ్యుల పట్టికను ఎత్తుకుపోయారు, దానికి తోడు అసలు డిస్కు ఫైలు ఉన్నచోట విషపు ఫైలుకు దారి పెట్టారు. అటువంటి విషపు ఫైలును పట్టివ్వగలిగేది డిజిటల్ సంతకాన్ని సరిచూడటం వంటి పరీక్షే. తీసుకునేవాడి పేరు రాసుకోవడం వల్ల ఇచ్చే సరుకు మంచిదని తేలదు.

ఇంతకన్నా లోతైన సంగతి మరొకటి ఉంది. ఖాతా అంటే తాళం. తాళం ఉన్న తలుపును తెరవవచ్చు, మూయనూ వచ్చు. 2019 జూలైలో గిట్‌హబ్ సంస్థ అమెరికా ఆంక్షల పేరిట ఇరాన్, సిరియా, క్రిమియాలలోని వాడుకరుల ఖాతాలపై నిర్బంధాలు పెట్టింది. ఇరాన్‌లోని ప్రోగ్రామర్లకు పూర్తి సౌకర్యం తిరిగి వచ్చింది 2021 జనవరిలో, అదీ అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చాక. ఆ కుర్రవాళ్లు ఏ లైసెన్సునూ అతిక్రమించలేదు. డెబియన్ వారు లైసెన్సులను పరీక్షించేటప్పుడు వేసుకునే ప్రశ్నల్లో ఒకటి ఇలా ఉంటుంది. నిరంకుశ ప్రభుత్వం కింద బతుకుతూ తన పేరు బయటపడితే ప్రాణాపాయం ఉన్న మనిషి ఈ ప్రోగ్రామును వాడుకుని, మార్చి, పంచుకోగలడా? నిర్జన ద్వీపంలో చిక్కుకుపోయి, బయటికి ఏ కబురూ పంపలేని మనిషి సంగతేమిటన్నది మరొకటి. ఇవి లైసెన్సు మాటలను తూచడానికి పెట్టుకున్న పరీక్షలు. క్యూట్ లైసెన్సు వీటిలో నెగ్గుతుంది. క్యూట్ ఇన్‌స్టాలరు గుమ్మాన్ని ఇదే తూకంలో పెడితే మాత్రం నెగ్గదు.

మన చట్టం సంగతి కూడా చూద్దాం. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. చెప్పిన పనికి అవసరమైన సమాచారానికే సమ్మతి వర్తిస్తుందన్నది ఇందులోని ఒక సూత్రం. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. వైద్య సలహా ఇచ్చే ఫోను ప్రోగ్రాము, మీ ఫోనులోని పేర్ల పట్టిక కూడా చూస్తానని అడిగింది, మీరు సరేనన్నారు. అయినా పేర్ల పట్టిక వైద్యానికి అవసరం లేదు గనుక సమ్మతి వైద్యం వరకే. ఈ తూకంలో కంపెనీ పేరు ప్రశ్నను పెట్టి మీరే చూసుకోండి. ఇంకొకటి: ఈ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే, వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మన పాలిటెక్నిక్కుల్లో పదో తరగతి కాగానే చేరే పిల్లలకు పదిహేను, పదహారేళ్లు. ఉచిత పరికరంతో మొదటి ప్రోగ్రాము రాయబోయే ఆ అమ్మాయి ముందు నాన్నగారి అనుమతి సంపాదించాలా? ఖాతా అడగకపోతే ఆ ప్రశ్నే పుట్టదు.

డబ్బు మాట

ఇదంతా సరే, తయారుచేసేవాడు ఎలా బతకాలి? ఈ ప్రశ్నను తప్పించుకుని రాసే విమర్శ నిజాయితీ గలది కాదు. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే దోషం బయటపడ్డాక ప్రపంచానికి తెలిసినదేమిటంటే, ఇంటర్నెట్ వ్యాపారంలో పెద్ద భాగానికి కవచంలా ఉన్న ఓపెన్ఎస్ఎస్ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2000 డాలర్లని. సిగ్గుపడవలసిన విషయం. క్యూట్ కంపెనీ ఇంజనీర్లకు జీతాలిచ్చి, వారి పనిలో చాలా భాగాన్ని స్వేచ్ఛగా విడుదల చేస్తోంది. దానికి రాబడి కావాలి.

కాని రాబడికి ఖాతాయే దారి అని ఎవరు చెప్పారు? త్రిమితీయ చిత్రాలు గీసే బ్లెండర్‌ను తీసుకోండి. 2002లో దాన్ని పాత పెట్టుబడిదారుల చేతి నుంచి విడిపించడానికి వాడుకరులు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేశారు. ఆ తర్వాత దాని అభివృద్ధి నిధికి మామూలు వాడుకరులూ పెద్ద కంపెనీలూ చందాలిస్తున్నారు. 2019లో ఎపిక్ గేమ్స్ ఒక్కటే 12 లక్షల డాలర్ల సాయం ప్రకటించింది. బ్లెండర్‌ను తెచ్చుకోవడానికి నేటికీ ఖాతా అక్కర్లేదు. ఫైలు దిగుతుండగా, ఇష్టమైతే విరాళం ఇవ్వండి అని అడుగుతారు. అందరికీ ఇదే కుదురుతుందని నేననను. కంపెనీలకు లైసెన్సులమ్మి బతికే సంస్థకు బ్లెండర్ దారి అచ్చంగా పనికిరాకపోవచ్చు. అయినా అదే నమోదు పత్రం కింద "ఇప్పుడు వద్దు, ముందుకు సాగండి" అని ఒక మీట పెట్టడానికి ఏం ఖర్చవుతుంది? దోషాల సమాచారం కావలసినవాడు మెయిలు ఇస్తాడు, నిజమైన మెయిలే ఇస్తాడు. బలవంతాన ఇచ్చే మెయిలు ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. చెత్త ఉత్తరాల కోసమే ఒక ఖాతా తెరిచి పెట్టుకోని ప్రోగ్రామరు ఎవరు?

క్యూట్ విషయంలో అపనమ్మకం ఆ జనవరితో ఆగలేదు. కొత్త వెర్షన్లను మొదటి పన్నెండు నెలలూ డబ్బు కట్టేవారికే ఇచ్చే ఆలోచన కంపెనీకి ఉన్నట్టు 2020 ఏప్రిల్‌లో కేడీఈ వైపు నుంచి ఒక ప్రకటన వచ్చింది. కంపెనీ అటువంటి ఉద్దేశం లేదన్నది. ఆ డిసెంబరులో క్యూట్ 6 స్వేచ్ఛా లైసెన్సుతోనే వచ్చింది. కాని 2021 జనవరి నుంచి 5.15 వెర్షన్ మరమ్మతులు చెల్లింపుదారులకే ముందుగా పోయాయి. కేడీఈ వారు అవసరమైన మరమ్మతులను ఏరి తమ సొంత సంకలనంగా నడపవలసి వచ్చింది.

మీలో ఎవరికైనా క్యూట్‌తో పని పడితే, లైనక్స్ ఉన్నవారు తమ పంపిణీలోనిదే వాడుకోండి. నేర్చుకోవడానికి అది చాలు. విండోస్ వారు ఏక్యూటీ ఇన్‌స్టాల్‌ను ప్రయత్నించవచ్చు. అందుకు పైథాన్ ఉంటే సరిపోతుంది. ఖాతా తెరవక తప్పనివారు దానికి కొత్త రహస్యపదం పెట్టండి, లాబు యంత్రాల్లో భద్రపరచకండి. కంపెనీ పేరు అడిగినచోట వ్యక్తిగత వాడకం అన్న గడిలో, అది నిజమైతేనే టిక్కు పెట్టండి.